ముసలితనం కాదు, లేమి

2020లో లాక్‌డౌన్ మొదలైన కొత్తల్లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని వృద్ధుల కోసం ఒక సలహాపత్రం విడుదల చేసింది. బయటికి రాకండి, చేతులు కడుక్కోండి, కంటి శుక్లాల ఆపరేషన్ లాంటివి వాయిదా వేసుకోండి అని చెప్పింది. మనసు కుదురుగా ఉండటానికి ఏం చేయాలో కూడా చెప్పింది. ఇంట్లో వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలట. చుట్టూ ప్రశాంతంగా ఉండేలా చూసుకోవాలట. బొమ్మలు వేయడం, సంగీతం వినడం, పుస్తకాలు చదవడం లాంటి పాత అభిరుచులను మళ్ళీ మొదలుపెట్టాలట.

ఎనిమిదో ఏట కలుపు తీయడానికి చేలో దిగి, అరవై ఎనిమిదో ఏట కూడా అదే చేలో నడుం వంచిన మనిషికి పాత అభిరుచి ఏముంటుంది? ఆ సలహా రాసినవారి కళ్ళ ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనకు సొంత గది ఉంది, గదిలో బీరువా నిండా పుస్తకాలున్నాయి, ఒకటో తారీకున బ్యాంకులో డబ్బు పడుతుంది. ఆయన నిజంగానే ఉన్నాడు, ఆయన దిగులు కూడా నిజమే. కానీ మన ఊళ్ళలోని పెద్దలు ఆ కాగితంలో ఎక్కడా లేరు. కరోనా కాలంలో వృద్ధుల మానసిక ఆరోగ్యం గురించి మన దేశంలో జరిగిన చర్చలో చాలా భాగం ఈ తీరునే నడిచింది.

కరోనా పోయి ఇన్నేళ్ళయింది, ఇప్పుడెందుకీ ప్రస్తావన అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించిన మాట నిజం. మన అవ్వలకు, తాతలకు ఆ ప్రకటన అందలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. రాత్రి రెండింటికి లేచి అరుగు మీద కూర్చునేవాళ్ళు ఉన్నారు. మేము సభ్యత్వం కోసం ఇంటింటికీ తిరిగినప్పుడల్లా చూస్తున్నాం. చూసి, రసీదు రాసి, పక్క ఇంటికి వెళ్ళిపోతున్నాం.

కర్నూలు జిల్లా పడమటి మండలాల సంగతి తీసుకుందాం. కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడబూరు. వానమీద ఆధారపడిన సేద్యం. వాన మొహం చాటేసిందంటే ఊళ్ళకు ఊళ్ళే సుగ్గికి పోతాయి. సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరపకోతలకు ఆటోలు, లారీలు కదులుతాయి. సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. తాళం పడని ఇళ్ళలో అవ్వా తాతా ఉంటారు, వాళ్ళ దగ్గర బడికి పోయే మనవలు ఉంటారు. 2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి టీవీలో కనిపించి నాలుగు గంటల్లో దేశం మూతపడుతుందని చెప్పినప్పుడు, ఈ మండలాల వయసు పిల్లలు వేలమంది గుంటూరు పల్లెల్లో, మిరప కల్లాల పక్కన వేసుకున్న గుడారాల్లో ఉన్నారు. వాళ్ళు ఇళ్ళకు చేరేసరికి ఏప్రిల్ నెలాఖరు అయింది.

ఆ అయిదు వారాలు ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఎలా గడిచాయో ఎవరూ రాసుకోలేదు. మాకు తెలిసిన ఒక అవ్వ సంగతి చెబుతాం. ఆమె దగ్గర ఇద్దరు మనవలు, ఒక బటన్ ఫోను. కొడుకు ఫోను నాలుగో రోజుకే మూగబోయింది. ఈమె ఫోనులో బ్యాలెన్స్ అయిపోయింది, రీచార్జి చేసే అంగడి మూసేశారు. ఏప్రిల్ ఒకటిన వాలంటీరు ఇంటికొచ్చి 2250 రూపాయల పింఛను చేతిలో పెట్టాడు. ఆ మాట చెప్పితీరాలి, ఆ నెల ఆ డబ్బే లేకపోతే ఏమయ్యేదో. అందులో పాత అప్పు కింద అంగడివాడు కొంత పట్టుకున్నాడు. రేషన్ బియ్యం ఉన్నాయి, చారు కాచడానికి చింతపండు లేదు. పిల్లలకు చాలదేమోనని అవ్వ రాత్రి పూట తినడం మానేసింది. కొడుకు, కోడలు యాడుండారో, తింటుండారో లేదో అన్నదే ఆమె మాట. ఎవరు పలకరించినా అదే మాట. కొడుకు వచ్చాడు. బడిలో క్వారంటైన్‌లో పెట్టారు. బడి గేటు అవతల నిలబడి చూసి వచ్చింది. ఆ తర్వాత కొడుకు ఇంట్లోనే ఉన్నా ఆమెకు నిద్ర తిరిగి రాలేదు.

ఊళ్ళోవాళ్ళు మనేద పట్టుకుందన్నారు. ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళితే బలానికని సెలైన్ ఎక్కించాడు. తర్వాత గుండెదడ అంటే ఒక మాత్ర, కాళ్ళు లాగుతున్నాయంటే ఒక సూది. ప్రతిసారీ రెండు మూడు వందలు. పింఛనులో ఆ మేరకు కోత. దాన్ని మానసిక వ్యాధి అని ఎవరూ అనలేదు, అనాలని ఎవరికీ తోచలేదు. ఆమె పేరు ఏ లెక్కలోనూ ఎక్కలేదు.

అదే కాలంలో హైదరాబాదులోనూ, విజయవాడలోనూ అపార్టుమెంట్లలో ఒంటరిగా చిక్కుకుపోయిన తల్లిదండ్రులు ఉన్నారు. పిల్లలు అమెరికాలో, విమానాలు బందు. వాళ్ళ బాధ గురించి పత్రికలు రాశాయి, రాయవలసిందే. మేము వాళ్ళను ఎగతాళి చేయడం లేదు. బిడ్డ కోసం పడే బెంగకు ధనిక, పేద తేడా లేదు. కానీ వాళ్ళు రోజూ వీడియోలో మనవడి మొహం చూడగలిగారు. మందులు గుమ్మం దాకా వచ్చాయి. డాక్టరు ఫోనులో దొరికాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, రేపటి తిండి గురించి వాళ్ళు ఆలోచించవలసిన పని లేదు. కోసిగి అవ్వకు ఆ బెంగా ఉంది, దాని మీద ఆకలీ ఉంది, దాని మీద అప్పూ ఉంది. జబ్బు ఒకటే అయినా మోసే బరువు ఒకటి కాదు. కోవిడ్‌కు కులం లేదు, మతం లేదు, పేద గొప్ప తేడా లేదు అని ఆ రోజుల్లో టీవీల్లో తెగ చెప్పారు. వైరస్‌కు లేకపోవచ్చు. లాక్‌డౌన్‌కు ఉంది.

ఇంతకీ ఈ తేడా ఎక్కడ పుడుతోంది? మాకు తెలిసినంతలో ఒక మాటలో దొరుకుతుంది. ఒకరికి వచ్చేది హక్కు, ఇంకొకరికి వచ్చేది కానుక.

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బులు లేవని చెప్పి ఉద్యోగుల జీతాల్లోనూ, విశ్రాంత ఉద్యోగుల పెన్షన్లలోనూ కొంత ఆపింది. దాని మీద కేసు హైకోర్టుకు వెళ్ళింది. ఆపిన డబ్బు వడ్డీతో చెల్లించమని హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళితే, 2021 ఫిబ్రవరిలో అక్కడ వడ్డీ రేటును 6 శాతానికి తగ్గించారు గానీ వడ్డీ కట్టవలసిందేనన్నారు. జీతం, పెన్షన్ ఉద్యోగికి న్యాయంగా రావలసిన సొమ్ము అని తేల్చారు. మంచి తీర్పు. దాన్ని మేము ఆహ్వానిస్తాం.

మన అవ్వ పింఛను పేరేమిటి? ఆ రోజుల్లో పింఛన్ కానుక. ఇప్పుడు భరోసా. పక్క రాష్ట్రంలో ఆసరా. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, కాగితం మీద బొమ్మ మారుతుంది. యాభై ఏళ్ళు దేశానికి అన్నం పెట్టిన మనిషి వృద్ధాప్యంలో పుచ్చుకునేది కానుకట. కానుక ఆగిపోతే ఏ కోర్టు వడ్డీ కట్టిస్తుంది? జాబితాలోంచి పేరు తీసేస్తే అవ్వ ఎవరి మీద కేసు వేస్తుంది? ప్రతి నెలా ముప్పయ్యో తారీకు రాత్రి వచ్చే ఆ అనుమానమే, రేపు వస్తుందా రాదా అన్న ఆ గుబులే, మా దృష్టిలో మానసిక ఆరోగ్య సమస్యకు మూలం. దానికి ధ్యానం మందు కాదు.

కేంద్ర ప్రభుత్వం సంగతి చూస్తే ఇంకా ఘోరం. ఇందిరా గాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద 60 నుంచి 79 ఏళ్ళ వారికి కేంద్రం ఇచ్చేది నెలకు 200 రూపాయలు. 80 దాటితే 500. ఆ 200 అంకె 2007లో పథకం ఈ పేరుతో మొదలైనప్పటి నుంచి ఒక్క రూపాయి పెరగలేదు. రోజుకు ఏడు రూపాయలు కూడా పడదు. 2020–21లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 237 రూపాయలు. అంటే కేంద్రం దృష్టిలో ఒక వృద్ధుడి నెల బతుకు ఒక రోజు మట్టి పని కన్నా చవక. మహమ్మారి వచ్చినప్పుడైనా చేయి విప్పారా అంటే, ఈ పథకంలో ఉన్న వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు మూడు నెలలకు కలిపి 1000 రూపాయలు ప్రకటించారు. అదీ రెండు విడతల్లో. రోజుకు పదకొండు రూపాయలు. ఆ కాలంలోనే దేశంలోని శతకోటీశ్వరుల సంపద 35 శాతం పెరిగిందని ఆక్స్‌ఫామ్ 2021 జనవరిలో లెక్క చెప్పింది.

రాష్ట్రాలు దీని మీద తమ వాటా కలుపుతున్నాయి కాబట్టి మన దగ్గర పరిస్థితి కొంత నయం. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పింఛను 4000 అయింది. పోరాడి సాధించుకున్నదాన్ని మేము తక్కువ చేయం. కానీ ఒక ఇంట్లో అవ్వా తాతా ఇద్దరూ అరవై దాటినా వృద్ధాప్య పింఛను ఒక్కరికే అన్న నిబంధన ఉంది. ఎవరికి వస్తుంది? చాలా ఇళ్ళలో తాతకు. ఆయన చేతిలోంచి అవ్వ చేతికి ఎంత వస్తుందో ఇంటింటికీ తెలుసు. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చి తాతలు రాలిపోయినప్పుడు, భర్తతో పాటు పింఛనూ పోయింది. దినాలు కూడా పూర్తి కాకుండానే ఆధార్ కార్డు, మరణ ధృవీకరణ పత్రం పట్టుకుని సచివాలయం మెట్లెక్కిన అవ్వలను మేము చూశాం. భర్త పోతే భార్యకు మార్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది. మంచిదే. మూడున్నరేళ్ళు ఆలస్యం.

ఇక రైతు అన్న పేరు మీద వచ్చే పథకాల్లో వృద్ధుడి స్థానం చూడండి. తెలంగాణలో రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ళ వారికే. అరవై నిండిన మర్నాడు పొలంలో పాము కరిచి చనిపోయినా ఆ ఇంటికి అయిదు లక్షలు రావు. పట్టా ఆయన పేరున ఉంటుంది, నాగలి ఆయన చేతిలో ఉంటుంది, బీమా లెక్కలో మాత్రం ఆయన రైతు కాడు. కేంద్రం 2019 సెప్టెంబరులో రైతులకు పింఛను అని కిసాన్ మాన్‌ధన్ మొదలుపెట్టింది. అందులో చేరాలంటే వయసు 18 నుంచి 40 లోపు ఉండాలి, నెల నెలా డబ్బు కట్టాలి, అరవై వచ్చాక 3000 ఇస్తారు. అప్పటికే అరవై దాటిన రైతుకు అందులో ఏమీ లేదు. కౌలు రైతు మాట చెప్పనే అక్కర్లేదు. నలభై ఏళ్ళు పరాయి భూమి దున్నిన మనిషికి ముసలితనంలో చూపించడానికి ఒక కాగితం ముక్క కూడా ఉండదు.

ఊళ్ళో పెద్దలందరిదీ ఒకే పరిస్థితి అని కూడా మేము అనడం లేదు. ఇరవై ఎకరాల మాగాణి ఉన్న ఆసామి డెబ్బై ఏళ్ళ వయసులో లాక్‌డౌన్ పెడితే తన లోగిలిలో వాలుకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భూమి ఆయన పేరున ఉన్నంత కాలం కొడుకు, కోడలు ఆయన మాటకు ఎదురు చెప్పరు. ఆయన గదిలోకి వేరే పళ్ళెం వెళ్ళింది. ఒకే గది ఉన్న ఇంట్లో ఆరుగురి మధ్య దగ్గుతూ కూర్చున్న ముసలి కూలీకి వేరే గది ఎక్కడిది? తన దగ్గు విని కొడుకు మొహం తిప్పుకుంటే, తన వల్ల పిల్లలకు అంటుకుంటుందేమోనని ఆయనే గొడ్లపాకలోకి మకాం మార్చాడు. 2020 మే 1న కేంద్ర హోం శాఖ 65 దాటినవారు ఇల్లు కదలవద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఆసామికి విశ్రాంతి. కూలీకి కూలి పోవడం. ఉపాధి పని దగ్గర పెద్దవాళ్ళను మేటీలు వెనక్కి పంపడం మేము కళ్ళారా చూశాం. పని లేని మనిషి ఇంట్లో మాట్లాడటం తగ్గిస్తాడు, రెండోసారి అన్నం అడగడం తగ్గిస్తాడు. ఊళ్ళలో మానసిక రుగ్మత ఇలా మొదలవుతుంది.

కంటిచూపు సంగతి కూడా ఇందులో భాగమే. 2020 ఫిబ్రవరి 18న కర్నూలులో అవ్వాతాతల కోసం కంటి వెలుగు మూడో విడత ప్రారంభించారు. నెల తిరిగేసరికి లాక్‌డౌన్. శుక్లాల ఆపరేషన్లు ఆగాయి. డబ్బున్నవారు లాక్‌డౌన్ సడలించగానే ప్రైవేటులో చేయించుకున్నారు. మిగిలినవారు కళ్ళ ముందు పొరతోనే ఆ ఏడాది గడిపారు. పరాయి మొహాలకు మాస్కులు, తమ కళ్ళకు పొరలు, వచ్చిందెవరో తెలియదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, చూపు పోయిన మనిషి ఎంత త్వరగా కుంగిపోతాడో ఇంట్లో ముసలివాళ్ళు ఉన్న ఎవరినైనా అడగండి.

చావు భయం అందరికీ ఉంది. మన పెద్దలకు చావు కన్నా దిక్కులేని చావంటే ఎక్కువ భయం. 2020 జూన్‌లో పలాసలో కరోనా అని తేలిన ఒక వృద్ధుడి శవాన్ని జేసీబీ తొట్టిలో తరలించిన దృశ్యం ఊరూరా టీవీల్లో కనిపించింది. బాధ్యులను సస్పెండ్ చేశారు. ఆ దృశ్యాన్ని ఎవరు సస్పెండ్ చేస్తారు? దాన్ని చూసిన తర్వాత జ్వరం వచ్చినా చెప్పకుండా దాచుకున్న పెద్దలు ఎంతమందో. ప్రైవేటు అంబులెన్సు, ప్రైవేటు ఆసుపత్రి, లక్షల బిల్లు కట్టగలిగినవారికి కూడా ఆ భయం ఉండి ఉంటుంది. కానీ వాళ్ళకు ఆ తొట్టి తప్పించుకునే దారులున్నాయి.

ప్రభుత్వ లెక్కలు ఏమంటున్నాయి? దేశంలో 60 దాటినవారు 2011 జనాభా లెక్కల నాటికే పది కోట్లు దాటారు. వాళ్ళలో పదిమందిలో ఏడుగురు పల్లెల్లోనే ఉన్నారు. 2017–18లో జరిగిన ‘లాసీ’ అనే పెద్ద సర్వేలో 72 వేల మందికి పైగా నడివయసు వారిని, వృద్ధులను ప్రశ్నించారు. వృద్ధుల్లో మూడోవంతుకు పైగా ఇంకా ఏదో ఒక పని చేస్తున్నారని అందులో తేలింది. తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు 8 శాతానికి పైగా వృద్ధుల్లో కనిపించాయి. మాకు ఆ జబ్బు ఉందని డాక్టరు చెప్పాడు అన్నవారు మాత్రం ఒక్క శాతం కూడా లేరు. పట్టణం కన్నా పల్లెలో, మగవారి కన్నా ఆడవారిలో సమస్య ఎక్కువ. ఇదంతా కరోనాకు ముందు మాట. 2015–16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కూడా ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాల్లోనే ఈ జబ్బులు ఎక్కువని చెప్పింది. దిగులు, ఆందోళన లాంటి మామూలు మానసిక రుగ్మతలున్న వారిలో 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా చెప్పింది. అంటే మహమ్మారి కొత్తగా ఈ తేడాను పుట్టించలేదు. ఉన్న పగులులో నీళ్ళు పోసింది.

చికిత్స విషయానికొస్తే, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం పొందడం ప్రతి పౌరుడి హక్కు అని రాసింది. బాగుంది. మా మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి బీపీ అంటే మాత్ర ఇస్తారు, షుగర్ అంటే మాత్ర ఇస్తారు. మూడు నెలలుగా నిద్ర లేదు, బతకాలని లేదు అంటే, వయసు మీద పడింది కదమ్మా అని పంపేస్తారు. మానసిక వైద్యుణ్ణి చూడాలంటే కర్నూలు పోవాలి. పోను రాను ఛార్జీలు, తోడు వచ్చినవాళ్ళ కూలి పోవడం, అన్నీ కలిపితే పింఛనులో పెద్ద ముక్కే. పోనీ రైలుకు పోదామంటే, 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఆపేసిన వృద్ధుల రైలు రాయితీ ఈ రోజుకీ తిరిగి రాలేదు.

ఈ మాటలు అన్నప్పుడల్లా ఎదురయ్యే జవాబు ఒకటుంది. తప్పు ప్రభుత్వానిది కాదు, పిల్లలది. ఈ కాలం పిల్లలకు తల్లిదండ్రుల మీద ప్రేమ లేదు, విలువలు పోయాయి అని. ఇది చాలా సుఖమైన జవాబు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లోనే వచ్చింది. కొడుకు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్ళి మనోవర్తి అడగవచ్చు. ఆస్తి ఉన్న కొడుకు మీద అది పని చేస్తుంది, చేయాలి కూడా. కానీ గుంటూరు మిరప కల్లంలో చిక్కుకుని, వచ్చిన కూలి తిరుగు ప్రయాణానికే ఖర్చుపెట్టి వచ్చిన కొడుకు మీద తల్లి ఏమని కేసు వేయాలి? నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్ నుంచి డబ్బు రావడం ఆగిపోయిన ఇళ్ళలో ముసలి తండ్రి ఎవరిని తప్పుపట్టాలి? మేము చూసినంతలో చాలా ఇళ్ళలో ఆ ఏడాది కథ తలకిందులుగా నడిచింది. పని పోయి ఇంటికొచ్చిన కొడుకు కుటుంబాన్ని అవ్వ పింఛనే సాకింది. డెబ్బై ఏళ్ళ వయసులో ఆమె మళ్ళీ ఇంటి యజమాని అయింది, 2250 రూపాయలతో. ఆ భారం ఆమె మనసు మీద ఎంత పడిందో విలువల గురించి ఉపన్యాసాలిచ్చేవారికి తెలియదు.

ఇప్పుడు మన సంఘం మాట. మేము మా 2020, 2021 సమావేశాల మినిట్స్ పుస్తకాలు తిరగేశాం. బత్తాయి, అరటి రవాణా గురించి తీర్మానాలున్నాయి. మిరప యార్డు తెరవాలని ఉంది. మూడు వ్యవసాయ చట్టాల మీద పేజీలకు పేజీలున్నాయి. ఊళ్ళో ఒంటరిగా మిగిలిన పెద్దల గురించి ఒక్క తీర్మానం లేదు. మన సభ్యుల్లోనే అరవై దాటినవారు ఎందరో ఉన్నా, వాళ్ళ దిగులు రైతు సమస్య అని మనకు తోచలేదు. దాన్ని ఇంటి గుట్టుగా వదిలేశాం. మన సభ్యత్వ పుస్తకంలో ఆడవాళ్ళ పేర్లు తక్కువ కావడం కూడా దీనికి ఒక కారణం అనుకుంటున్నాం.

అదే కాలంలో ఢిల్లీ సరిహద్దుల్లో పంజాబ్, హర్యానా పెద్దలు ఏడాదికి పైగా కూర్చున్నారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి వృద్ధులను, మహిళలను నిరసనలో ఎందుకు ఉంచారని ప్రశ్నించారు. వాళ్ళు కదల్లేదు. ఎంతోమంది ఆ చలిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు, దాన్ని అందంగా చెప్పడం మాకు ఇష్టం లేదు. కానీ అక్కడికి వెళ్ళివచ్చిన మన ప్రతినిధులు ఒక మాట చెప్పారు: అక్కడి ట్రాలీల్లోని తాతలు తమను ఎవరూ భారంగా చూడని చోట ఉన్నారు. లంగరులో రొట్టె ఉంది, పక్కన మనిషి ఉన్నాడు, చేయడానికి పని ఉంది. ఇల్లు కదలవద్దన్న సలహాలో ఈ మూడూ లేవు.

కాబట్టి మన డిమాండ్లు మానసిక ఆరోగ్యం పేరుతో వేరుగా ఉండవు. కేంద్రం తన 200ను సిగ్గుపడి అయినా సవరించాలి. కనీస వేతనంలో సగం పింఛనుగా ఇవ్వాలని పెన్షన్ పరిషత్ ఏనాటి నుంచో అడుగుతోంది, మనమూ అదే అడుగుతున్నాం. పింఛను ఇంటికి ఒకటి కాదు, మనిషికి ఒకటి కావాలి. అది చట్టంగా ఉండాలి, పథకంగా కాదు. రైతు బీమాకు 59 గీత చెరిపేయాలి. అరిగిపోయిన వేళ్ళ ముద్రలు పడలేదని ఏ పెద్ద మనిషినీ వెనక్కి పంపకూడదు. ఆ వేళ్ళు ఎందుకు అరిగాయో అధికారులకు తెలియనిది కాదు. ఆశా కార్యకర్తకు ఈ జబ్బు గుర్తుపట్టే శిక్షణ, దానికి తగిన పారితోషికం ఇవ్వాలి. మందు మండల కేంద్రంలో దొరకాలి. రైలు రాయితీ తిరిగి రావాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దని రాష్ట్ర కమిటీలో అనుకున్నాం. వచ్చే నెల ఒకటో తారీకున, పింఛను పంచే వేళకు, ప్రతి గ్రామ కమిటీ తమ ఊళ్ళో అరవై దాటినవారి దగ్గరికి వెళ్ళాలి. డిప్రెషన్ ఉందా అని అడగవద్దు, లేదంటారు. సీమలో మనేద అనండి, తెలంగాణలో రంది అనండి, కోస్తాలో బెంగ అనండి. రాత్రి ఎంతసేపు నిద్ర పడుతోంది, వారంలో ఎన్ని పూటలు తినడం మానేశారు, ఎందుకు మానేశారు, నిన్న మీతో కూర్చుని మాట్లాడింది ఎవరు అని అడగండి. మహిళా కార్యకర్త తప్పకుండా వెంట ఉండాలి. కోడలి ముందు అవ్వ నోరు విప్పదు, కొడుకు ముందు అసలు విప్పదు.

బతకాలని లేదని ఎవరైనా అంటే ఫారంలో రాసుకుని వచ్చేయవద్దు. కూర్చోండి, చెప్పేది పూర్తిగా వినండి, వాళ్ళను ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో నమ్మకమైనవాళ్ళకు చెప్పండి, పురుగుమందు డబ్బాలు చేతికందని చోట పెట్టించండి. టెలీ మానస్ నంబరు 14416, డబ్బు పడదు, మీ ఫోను నుంచే కలిపి ఇవ్వండి. మర్నాడు ఆరోగ్య కేంద్రానికి తోడు వెళ్ళండి, డాక్టరు వయసు అంటే ఒప్పుకోవద్దు.

ఫారంలో పేరు రాయనక్కర్లేదు. వయసు, ఆడ మగ, సొంత భూమి ఎన్ని ఎకరాలు, కౌలు ఎన్ని ఎకరాలు, నెలకు చేతికి వచ్చే డబ్బు, పైన చెప్పిన జవాబులు చాలు. వేలిముద్ర అడగవద్దు. ఫారాలు పదిహేనో తారీకులోగా మండల కమిటీకి చేర్చండి.